ఏటీఎం కార్డు ఎవరి దగ్గరుంది?

ప్రశ్న: మాది తెనాలి. హైస్కూలు హెడ్మాస్టరుగా రిటైరయ్యాను, మా పెన్షనర్ల సంఘానికి కార్యదర్శిని. ఈమధ్య మా సభ్యుల్లో ఒకాయన్ని ‘డిజిటల్ అరెస్టు’ అని బెదిరిస్తే ఎఫ్‌డీ బ్రేక్ చేసి తొమ్మిది లక్షలు పంపేశారు. ఇంకొకావిడ ఇల్లు కొడుకు పేర రాసిచ్చేసి, ఇప్పుడు కూతురి దగ్గర తలదాచుకుంటున్నారు. జూన్ 15న అవగాహన సభ పెడదామనుకుంటున్నాం. ఏం చెప్పాలి? ఎవర్ని పిలవాలి?

జవాబు: మాస్టారూ, మంచి రోజే ఎంచుకున్నారు. వృద్ధులపై వేధింపుల మీద అవగాహన దినంగా ఐక్యరాజ్యసమితి గుర్తించిన రోజది. అయితే ఇలాంటి సభలు ఎలా నడుస్తాయో మీకు తెలియంది కాదు. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని ఒకరు గంటసేపు చెబుతారు, అందరూ తలూపుతారు, పులిహోర తిని ఇళ్లకెళతారు. మీ మిత్రుడికి ఆ సంగతి తెలియదా? ఆయన ఓటీపీ ఎవరికీ చెప్పి ఉండరు. భయపడి తన చేత్తో తానే పంపారు.

అందుకే ఉపన్యాసం తగ్గించి, నాటకం వేయించండి. ఒకరు సీబీఐ ఆఫీసరు, ఒకరు పెద్దాయన. ‘మీ ఆధార్ మీద పార్సిల్‌లో డ్రగ్స్ దొరికాయి, వీడియో కాల్ కట్ చేయొద్దు, ఇంట్లో ఎవరికీ చెప్పొద్దు’ అంటూ పది నిమిషాలు నడిపించండి. డిజిటల్ అరెస్టు అనేది మన చట్టంలో ఎక్కడా లేదు. ఏ పోలీసూ వీడియో కాల్‌లో నిర్బంధించడు, విచారణ కోసం డబ్బు బదిలీ చేయమనడు. ఆ మోసానికి ఆయువుపట్టు ‘ఎవరికీ చెప్పొద్దు’ అన్న మాటే. కాబట్టి ఇలాంటి ఫోన్ వస్తే కట్ చేసి ఎవరికి చెప్పాలో ప్రతి సభ్యుడూ ఆ రోజే ఒక పేరు రాసుకోవాలి. కొడుకే కానక్కర్లేదు, పక్కింటాయనైనా సరే.

డబ్బు పోయాక సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఎంత త్వరగా ఫోన్ చేస్తే అంత మేలు. సొమ్ము దొంగ ఖాతాలో ఉండగానే ఆపగలిగితే కొంతైనా దక్కొచ్చు, నాలుగు ఖాతాలు మారిపోతే కష్టం. ఖాతాదారుడి తప్పు లేకుండా మూడో వ్యక్తి చేసిన మోసంలో, మూడు పనిదినాల్లో ఫిర్యాదు చేస్తే నష్టం ఖాతాదారుడిది కాదని రిజర్వు బ్యాంకు 2017లో చెప్పింది. మనమే పంపిన డబ్బుకు ఆ రక్షణ సాధారణంగా దొరకదు. ‘ఇంత చదువుకుని ఎలా మోసపోయారండీ’ అనే మాట మీ సంఘంలో ఎవరూ అనకుండా చూడండి. ఆ మాటకు భయపడే చాలామంది రెండు రోజులు నోరు విప్పరు, అప్పటికి డబ్బు దాటిపోతుంది.

ఇక అసలు సంగతి. పోలీసులు వచ్చి చెప్పలేనిది, మీలో మీరే మాట్లాడుకోవాల్సింది ఇంట్లో జరిగే దోపిడీ గురించి. ఆ పేరు పెడితే ఎవరూ చెయ్యెత్తరు, పిల్లల పరువు కదా. మామూలు ప్రశ్నలే అడగండి. మీ ఏటీఎం కార్డు ఎవరి దగ్గరుంది? బ్యాంకు మెసేజ్ ఎవరి ఫోన్‌కు వెళుతుంది? పెన్షన్ పడ్డ రోజు ఎంత తీశారో మీకు తెలుసా? బెంగళూరులో ఉన్న కొడుకు నంబరే లింకు చేసుకున్నవాళ్లు చాలామందే ఉంటారు. వాళ్లలో ఎక్కువమంది పిల్లలు బంగారమే, కాదనను. అయినా మెసేజ్ మన ఫోన్‌కు రావాలి.

ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో పిల్లల పేరు కలిపితే ‘ఫార్మర్ ఆర్ సర్వైవర్’ అని రాయించుకోండి. మొదటి పేరున్నవారు బతికున్నంతకాలం లావాదేవీలు వారివే. ‘ఐదర్ ఆర్ సర్వైవర్’ అంటే ఇద్దరిలో ఎవరైనా తీయొచ్చు. కౌంటర్ దగ్గర హడావిడిలో మనం పట్టించుకోని గడి ఇదే. కొడుకు వ్యాపార లోనుకు హామీ సంతకం కూడా అంతే. అతను కట్టకపోతే బ్యాంకు నేరుగా మిమ్మల్నే అడగొచ్చు.

ఇంటి విషయంలో నా అభిప్రాయం మొండిగానే ఉంటుంది. ఉన్న ఒక్క ఇల్లూ గిఫ్ట్ డీడ్ (దానపత్రం) చేయొద్దు. వీలునామా రాయండి, ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. ఇవ్వక తప్పకపోతే, జీవితాంతం అందులో ఉండే హక్కు తనదేననీ, పోషణ బాధ్యత తీసుకునేవారిదేననీ దస్తావేజులో రాయించాలి. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టంలో 23వ సెక్షన్ ఈ షరతు మీదే నిలబడింది. చూసుకోకపోతే ఆ బదిలీని రద్దు చేయమని ఆర్డీవో ట్రిబ్యునల్‌ను కోరవచ్చు. షరతు ఉన్నట్టు చూపించాలని 2022లో ఒక కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 2025 జనవరిలో మరో కేసులో ఒక తల్లి ఇచ్చిన గిఫ్ట్‌ను రద్దు చేస్తూ, ఇల్లు తిరిగి అప్పగించమనే అధికారం ట్రిబ్యునల్‌కు ఉందని చెప్పింది.

మీరు చెప్పినావిడ సభ దాకా ఆగనక్కర్లేదు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో దస్తావేజు సర్టిఫైడ్ కాపీ తీయించి, షరతు ఉందో లేదో లాయరుకు చూపించమనండి. దస్తావేజులో లేకపోయినా, అప్పట్లో రాసుకున్న ఒప్పంద పత్రమేదైనా ఉంటే తీసిపెట్టుకోవాలి. ఇల్లు రాకపోయినా పోషణ ఖర్చు కోసం విడిగా అర్జీ పెట్టుకోవచ్చు, చట్టంలో నెలకు గరిష్ఠంగా పదివేలని ఉంది. దారి తెలియకపోతే వృద్ధుల హెల్ప్‌లైన్ 14567 ఎల్డర్‌లైన్‌కు ఫోన్ చేయొచ్చు.

పిలవాల్సింది బ్యాంకు మేనేజరుని, ఉత్త చేతులతో రానివ్వకండి. నామినీ ఫారాలు, మొబైల్ నంబరు మార్చే ఫారాలు తెచ్చి అక్కడికక్కడే నింపించాలి. 70 దాటినవారికి ఇంటి దగ్గరే కనీస బ్యాంకు సేవలు ఇవ్వాలన్న రిజర్వు బ్యాంకు ఆదేశం తన బ్రాంచిలో ఎలా అమలవుతోందో అందరి ముందూ అడగండి. భోజనాల ఖర్చు మేం పెట్టుకుంటామంటూ బీమా ఏజెంట్లు, వెంచర్లవాళ్లు వస్తారు, వద్దనండి. కమిషన్ మీద బతికే మా ఆర్థిక సలహాదారులకూ మైకు ఇవ్వొద్దు. ఆ పెద్దలందరి ఫోన్ నంబర్ల జాబితా కూడా ఎవరి చేతికీ ఇవ్వకండి.

వీలైతే అక్టోబరులో ఇంకోసారి కూర్చోండి. నవంబరు కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లు లైఫ్ సర్టిఫికెట్లు (బతికే ఉన్నామని ఏటా ఇచ్చే పత్రం) ఇచ్చే నెల కాబట్టి, పెన్షన్ ఆగిపోతుందంటూ లింకులు పంపేవాళ్లు ఆ రోజుల్లోనే ఎక్కువ.