పాకే పాప, పడుకున్న కుక్క

అమ్ములూ,

మన ఫ్యామిలీ గ్రూపులో నువ్వు పెట్టిన వీడియో చూశాను. పాప మీ బ్రూనో మీద బోర్లా పడి చెవి పట్టుకుని లాగుతుంటే వెనకాల అందరూ ఒకటే నవ్వులు. నేను దాన్ని నాలుగుసార్లు వేసుకుని చూశాను. పాపని మొదటిసారే చూసేశాను, మిగతా మూడుసార్లూ బ్రూనో మొహమే చూశాను. వాడు తల పక్కకి తిప్పేసుకున్నాడు. రెండుసార్లు మూతి నాక్కున్నాడు, ఒకసారి ఆవలించాడు. చివర్లో కంటి తెల్లగుడ్డు నెలవంకలా బయటపడింది. తోక ఊపుతున్నాడుగా అంటావేమో. ఒళ్లంతా బిగుసుకుని తోక ఒక్కటే ఊగుతుంటే దాన్ని సంతోషం అనుకోకు. వాడు ఓర్చుకుంటున్నాడు తల్లీ. ఇదే మాట ఫోన్లో చెబితే "మా బ్రూనో బంగారం పెద్దమ్మా" అంటావు, నేనూ నోరు మూసుకుంటాను. అందుకే రాస్తున్నాను.

మా టైగర్ కూడా బంగారమే. మీ అన్నయ్య గడ్డం కింద మచ్చ గురించి ఎవరు అడిగినా ఉయ్యాల మీంచి పడ్డాడని చెప్పేవాళ్లం. అసలు సంగతి వేరు. వాడికప్పుడు మూడేళ్లు. టైగర్ అన్నం తింటుంటే వెళ్లి పక్కనే చతికిలబడేవాడు. అది గుర్రుమనేది. మీ పెదనాన్న చీపురు తిరగేసి, "పసివాడి మీద గుర్రుమంటావా" అని ఒక్కటి వేసేవారు. అలా నాలుగైదుసార్లు తిన్నాక టైగర్ గుర్రుమనడం మానేసింది. బుద్ధొచ్చిందనుకున్నాం. ఒకరోజు మీ అన్నయ్య ఏకంగా గిన్నెలోనే చెయ్యి పెట్టాడు. అది చప్పుడు లేకుండా కరిచింది. మూడు కుట్లు పడ్డాయి. పైగా ఆ రోజుల్లో బొడ్డు చుట్టూ పొడిచే ఇంజెక్షన్లు. వాడి ఏడుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. కుక్కని పొలం మీదికి పంపించేశాం. తప్పు చేసింది మేము, ఇల్లు పోయింది దానికి.

గుర్రుమంటే అది "ఇంక చాలు" అని నోరు తెరిచి చెప్పడమే. ఆ నోరు నొక్కేస్తే మిగిలేవి పళ్లే. కాబట్టి బ్రూనో ఎప్పుడైనా గుర్రుమంటే వాణ్ణి కొట్టకు, కసరకు. ముందు పాపని ఎత్తుకుని పక్కకి వచ్చెయ్. ఎందుకు గుర్రుమన్నాడన్నది ఆ తర్వాత ఆలోచించు. తిండి దగ్గరా, నిద్దట్లో తొక్కినందుకా, బొమ్మ లాక్కున్నందుకా, ఒంట్లో బాగోలేకా?

పాప ఇప్పుడు పాకుతోంది, అసలు భయం ఇక్కణ్ణించే. ఊయల్లో ఉన్న పిల్ల తనంతట తాను కుక్క దగ్గరికి వెళ్లలేదు. పాకే పిల్ల సోఫా కిందకైనా దూరిపోతుంది. దాని మొహం సరిగ్గా కుక్క నోటి ఎత్తులో ఉంటుంది. పసిపిల్లల్ని కరిస్తే మొహం మీదా మెడ మీదా ఎక్కువగా పడేది అందుకే. అదీ వీధి కుక్కే అవ్వక్కర్లేదు, ఇంట్లోదో తెలిసినవాళ్లదో కూడా కావచ్చు.

ఇద్దర్నీ ఒక గదిలో ఒంటరిగా వదలకు. కుక్కర్ దింపి వచ్చేంతసేపు కూడా వద్దు. నువ్వు సోఫాలో కూర్చుని ఫోన్ చూసుకుంటున్నా అది వదిలేసినట్టే లెక్క. వంటింట్లోకి వెళ్లాలంటే పాపని చంకనేసుకో, లేదా బ్రూనోని తలుపు అవతల పెట్టు. పాత ఇళ్లలో దూడ లోపలికి రాకుండా గుమ్మానికి అడ్డకర్ర పెట్టేవాళ్లం. ఇప్పుడు పిల్లల కోసం గేట్లే అమ్ముతున్నారు. హాల్‌కీ బెడ్‌రూమ్‌కీ మధ్య ఒకటి బిగించమని అల్లుడికి చెప్పు. అడ్డం వస్తున్నాడు కదా అని వాణ్ణి రోజంతా గొలుసుతో కట్టేయకు. కట్టేసిన కుక్కకి చిరాకు పెరుగుతుంది, పైగా పిల్ల మీదికొస్తే తప్పుకునే దారీ ఉండదు. వాడికంటూ ఒక మూల, ఒక పరుపు ఉండాలి. పాప అక్కడికి వెళ్లకూడదు. వాడు అక్కడికి వెళ్లి పడుకున్నాడంటే ఎవరూ కదిలించకూడదు, మీ ఆయన కూడా.

తిండి విషయంలో మొహమాటం వద్దు. వాడి గిన్నె గేటుకి అవతలే పెట్టు, తినగానే తీసెయ్. పాప చేతిలో బిస్కెట్ పెట్టి కింద కూర్చోబెట్టకు. వాడు బిస్కెట్ కోసం వచ్చినా పన్ను తగిలేది వేలికే.

పాపకి ఇప్పుడే నేర్పాలని టెన్షన్ పడకు, ఆ వయసుకి అర్థం కాదు. దాని చెయ్యి నీ చేతిలో పట్టుకుని, "మెల్లగా" అంటూ బ్రూనో భుజం మీద రెండుసార్లు నిమిరించి ఆపెయ్. వాడు మళ్లీ దగ్గరికొస్తే సరే, లేచి వెళ్లిపోతే ఆట అయిపోయినట్టే. వాడే రావాలి, పాప వాడి మీదికి వెళ్లకూడదు. గుర్రం ఆట అసలే వద్దు, ఎవరెంత ముచ్చటపడినా సరే. సంక్రాంతికి మన పిల్లలంతా వస్తారు చూడు, అప్పుడు బ్రూనోని లోపలి గదిలోనే ఉంచు. దీపావళి రాత్రయితే మరీను. బెదిరిన కుక్కకి సొంత మనుషులు కూడా ఆనరు.

బ్రూనోకి ఏటా వేయించే రేబిస్ టీకా తప్పనివ్వకు. నట్టల మందు, పిడుదుల మందు కూడా డాక్టరు చెప్పిన లెక్క ప్రకారం వేయించు. నేల మీద పాకే పిల్ల చేతులు నోట్లోకే వెళ్తాయి. ఎంత జాగ్రత్తగా ఉన్నా పన్ను దిగినా, గోరు గీరి రక్తం వచ్చినా, కుళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు కడుగు. గడియారం చూసి కడుగు, మనకి రెండు నిమిషాలకే చాలనిపిస్తుంది. పసుపు, కారం, సున్నం ఏదీ పెట్టనివ్వకు. కుక్కకి టీకా ఉందిలే అని ఆగకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లు. ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగానే వేస్తారు. చర్మంలో ఇచ్చే పద్ధతిలో మొదటి రోజు తర్వాత 3, 7, 28 రోజులకి వేస్తారు. రక్తం వచ్చిన గాయమైతే దాని చుట్టూ ఇంకో మందు కూడా ఇస్తారు. ఒక్కటీ మానకూడదు. ఆ జబ్బు బయటపడ్డాక దాదాపుగా ఎవరూ బతకరు.

మీ అత్తగారు బ్రూనోని ఎవరికైనా ఇచ్చేయమంటున్నారని మీ అమ్మ చెప్పింది. ఆవిడ భయాన్ని తీసిపారేయకు, ఆ గేటు పెట్టి చూపించు. నా మాటైతే, ఇప్పుడే పంపక్కర్లేదు. కానీ ఈ ఆదివారం వాణ్ణి పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి ఎడమ చెవి చూడమను. లాబ్రడార్లకి చెవుల్లో చీము పట్టడం మామూలే. వీడియోలో పాప ఆ చెవి ముట్టుకోకముందే వాడు రెండుసార్లు తల విదిలించాడు. డాక్టరు ఏమన్నాడో నాకు ఫోన్ చెయ్యి.

మీ పెద్దమ్మ