నీటికాసులకు (గ్లకోమా) ఆపరేషన్ చేయిస్తే ఉన్న చూపు కూడా పోతుందా?

ప్రశ్న: మాది ఆదోని. నాన్నకు 62 ఏళ్లు, పత్తి మార్కెట్‌లో హమాలీ. మూడు రకాల చుక్కలు వేస్తున్నా కుడికంటి ప్రెషర్ 30 నుంచి దిగడం లేదు. కర్నూలులో డాక్టరు ఆపరేషన్ తప్పదన్నారు. ఇదే ఆపరేషన్ చేయించుకున్న మా బంధువుకు చూపు రాలేదని నాన్న ఒప్పుకోవడం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: చేయించండి, ఆలస్యం చేయొద్దు. మీ బంధువుకు చూపు రాకపోవడంలో వింతేమీ లేదు, ఈ ఆపరేషన్ చూపు తెప్పించడానికి చేసేది కాదు. శుక్లం ఆపరేషన్లు చూసీ చూసీ కట్టు విప్పగానే బాగా కనపడాలనుకుంటాం గానీ, నీటికాసుల్లో కంటి లోపలి ప్రెషర్‌కు దెబ్బతిన్న కంటినరం మళ్లీ కోలుకోదు, మిగిలిన చూపును నిలబెట్టుకోవడానికే ఈ పాట్లన్నీ. మామూలుగా ప్రెషర్ 10 నుంచి 21 దాకా ఉంటుంది, నరం దెబ్బతిన్నవాళ్లకు ఇంకా తగ్గాలి, అలాంటిది మందులు వేస్తూ కూడా 30 అంటే ఎక్కువే.

ఎక్కువగా చేసేది ట్రాబెక్యులెక్టమీ. కంటికి మత్తిచ్చి, తెల్లగుడ్డులో చిన్న దారి చేసి, లోపలి నీరు పైపొర కిందికి చేరేలా చేస్తారు. తర్వాత పైరెప్ప ఎత్తి చూస్తే చిన్న బుడిపె కనిపిస్తుంది, కంగారు పడకండి, అది ఉండాల్సిందే. మన ఒళ్లు గాయాన్ని మాన్పినట్టే ఈ దారినీ మూసేయాలని చూస్తుంది, అందుకే మొదటి కొన్ని వారాలు పిలిచినప్పుడల్లా వెళ్లాలి, అవసరమైతే కుట్లు వదులు చేస్తారు. ఆదోని నుంచి ప్రతిసారీ ఏం పోతాంలే అని మానేస్తే చేసిందంతా వృథా. డాక్టరు సరే అనేదాకా మూటలు ఎత్తకూడదు, మార్కెట్ దుమ్ములోకి పోకూడదు, కంట్లో నీళ్లు పడకూడదు.

రిస్కు లేదని చెప్పను. ప్రెషర్ మరీ పడిపోవచ్చు, శుక్లం త్వరగా ముదరొచ్చు, చూపు చాలావరకు పోయినవాళ్లలో అరుదుగా ఆ మిగిలిందీ పోవచ్చు. నాన్నగారి ఫీల్డ్ టెస్ట్ (చుట్టూ ఎంతమేర కనిపిస్తుందో చూసే పరీక్ష) రిపోర్టు ముందు పెట్టుకుని ఈ మాట మీ డాక్టరును సూటిగా అడగండి. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పండి, చుక్కలు మాత్రం సొంతంగా ఆపొద్దు. ఆపరేషన్ అయిన ఏళ్ల తర్వాతైనా సరే కన్ను ఎర్రబడి, నొప్పితో పుసి కడితే తెల్లారేదాకా ఆగకుండా ఆరోజే ఆస్పత్రికి వెళ్లాలి.

ఇంకోటి, ఇది కుటుంబాల్లో నడిచే జబ్బు. నాన్నగారి అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, మీరు కూడా ప్రెషర్, కంటినరం పరీక్ష చేయించుకోండి.