మీ ప్రశ్న – మా జవాబు: లాగ్‌లను సిస్‌లాగ్‌కు పంపవచ్చా?

ప్రశ్న: మా బిల్లింగ్ అప్లికేషన్ లాగ్ (జరిగిన పనుల నమోదు) అంతా ఒకే ఫైలులో పడుతోంది. మొన్న ఆ ఫైలుతో డిస్కు నిండి, పని ఆగిపోయింది. లినక్స్ సర్వర్‌లో ప్రోగ్రాముల సందేశాలను సేకరించి నమోదు చేసే సిస్‌లాగ్‌కు పంపడం మేలా?

జవాబు: తప్పకుండా మేలే. అయితే సిస్‌లాగ్ కూడా చివరికి ఫైలులోనే రాస్తుంది కనుక, పాత ఫైళ్లను ఎప్పటికప్పుడు తొలగించే లాగ్‌రొటేట్ అమరిక లేకపోతే డిస్కు మళ్లీ నిండుతుంది.

1980లలో ఎరిక్ ఆల్మన్ తన ఈమెయిల్ ప్రోగ్రామ్ సెండ్‌మెయిల్ కోసం రూపొందించిన సిస్‌లాగ్ పద్ధతిలో ప్రతి సందేశానికీ రెండు గుర్తులుంటాయి: ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పే ఫెసిలిటీ, ఎంత తీవ్రమైనదో చెప్పే స్థాయి. స్థాయిలు 0 నుంచి 7 వరకు ఉంటాయి. 0 అన్నింటికన్నా తీవ్రమైనది, చాలామంది తడబడేది ఇక్కడే. మీ వంటి సొంత అప్లికేషన్లకు లోకల్0 నుంచి లోకల్7 వరకు ఫెసిలిటీలు ఉన్నాయి. లోకల్0 సంఖ్య 16. దానిని 8తో గుణించి, ఎర్రర్ స్థాయి అయిన 3ను కలిపితే వచ్చే 131 అనే అంకె సందేశం మొదట్లో కనిపిస్తుంది.

వేరే సర్వర్‌కు పంపేటప్పుడు చేరిందో లేదో చూడకుండా డేటా పంపే యూడీపీ పద్ధతిలో 514 పోర్టు వాడితే, దారిలో పోయిన సందేశం సంగతి పంపినవారికి తెలియదు. బిల్లింగ్ వంటి పనికి అది తగదని నా గట్టి అభిప్రాయం. దానికి బదులు 6514 పోర్టులో, అందని డేటాను మళ్లీ పంపే కనెక్షన్‌పై సందేశాలను గుప్తీకరించి పంపే టీఎల్‌ఎస్ వాడండి. ముందుగా లాగర్ ఆదేశంతో ఒక సందేశం పంపి, అది అనుకున్న ఫైలులో పడిందని చూశాకే అప్లికేషన్‌ను మార్చండి.