హంతకుడు మళ్లీ వస్తాడని హాలుకి తెలుసు

కర్నూలు

చి. అల్లుడికి మామ ఆశీస్సులు.

నీ హంతకుడి సినిమా రెండో భాగానికి నిర్మాత సరేనన్నాడని, స్క్రిప్టు తొందరగా కావాలంటున్నాడని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. చాలా సంతోషమయింది నాయనా. ఆపరేటర్ గదిలో మొదలుపెట్టి మేనేజరు కుర్చీ దాకా నా బతుకంతా సినిమా హాల్లోనే గడిచింది. తెర మీద బొమ్మ కంటే తెర ముందు కూర్చున్న మనుషులనే ఎక్కువ చూశాను. వాళ్ల తరఫున నాలుగు మాటలు రాస్తున్నా, ఓపిగ్గా చదువు.

రెండో భాగానికి శుక్రవారం హాలు నిండిందంటే అది మొదటి భాగం తెచ్చిన జనం. సోమవారం మార్నింగ్ షోకి ఎంతమంది వచ్చారన్నదే నీ అసలు లెక్క. అమెరికా వాళ్ల భయం సినిమాలు, ఎల్మ్ స్ట్రీట్ సినిమాల సంగతే తీసుకో. 1984లో మొదటిది ఆడింది. మరుసటి ఏడాదే రెండోది తెచ్చారు, వసూళ్లు మొదటిదానికంటే ఎక్కువే వచ్చాయి. అయినా చాలామంది అభిమానులకు దాని మీద కోపం ఉండిపోయింది. అందులో హంతకుడు ఫ్రెడ్డీ కలలోనే చంపుతాడని మొదటి సినిమా మాట ఇచ్చింది. రెండోదాంట్లో వాడు ఒక కుర్రాడి ఒంట్లో దూరి, మెలకువగా ఉన్నవాళ్ల పార్టీ మధ్యకు వచ్చేశాడు. నిద్రపోకుండా ఉంటే బతికిపోతామన్న ఆశ పోయింది. ఆ ఆశ పోయాక ఇంక దేనికి భయపడాలి? 1987లో మూడోదానికి, మొదటిది తీసిన వెస్ క్రేవెన్ మళ్లీ రచనలో చెయ్యి పెట్టాడు. చావు మళ్లీ కలలోకే వెళ్లింది. ఈసారి ఫ్రెడ్డీ వెంటాడే పిల్లలు అందరూ ఒకే కలలోకి కలిసి వెళ్లగలరు, అక్కడ ఒక్కొక్కరికీ ఒక్కో బలం. మొదటి సినిమాలో బతికి బయటపడ్డ నాన్సీ వచ్చి వాళ్లకు దారి చూపిస్తుంది. అమెరికాలోనే దాదాపు 4.5 కోట్ల డాలర్లు వసూలు చేసింది.

నేను చెప్పదలుచుకున్నది ఇదే. రెండోసారి వచ్చే ప్రేక్షకుడు అన్నీ తెలిసి వస్తాడు. హంతకుడు ఎట్లా వస్తాడో, దేనితో వస్తాడో, ఎప్పుడు వస్తాడో వాడికి నీకంటే బాగా గుర్తుంటుంది. ఆ తెలిసినదాన్ని మార్చేస్తే వాడికి కోపం వస్తుంది. ఉన్నదున్నట్టు తిరిగి చూపిస్తే ఆవులిస్తాడు. దాన్ని వాడి మీదికే తిప్పగలిగితే గెలుస్తావు.

నీ మొదటి సినిమా సెకండ్ షో నేను వెనక తలుపు దగ్గర నిలబడి చూశాను. రాళ్ల పాలిషింగ్ ఫ్యాక్టరీలో కోత మిషన్ ఆగినప్పుడే నీ హంతకుడు వస్తాడు కదా. మొదటిసారి మిషన్ ఆగినప్పుడు హాల్లో ఎవరూ పట్టించుకోలేదు. రెండోసారి కొందరు సర్దుకుని కూర్చున్నారు. మూడోసారి ఆగేసరికి ముందు వరుసల్లో అప్పటిదాకా ఈలలేస్తున్న పిల్లలు గమ్మున అయిపోయారు. ఒకడు కాళ్లు రెండూ సీటు మీదికి లాక్కున్నాడు. నా పక్క వరుసలో ఒకాయన చెనిక్కాయల పొట్లంలో పెట్టిన చెయ్యి అందులోనే ఉండిపోయింది, బయటికి తియ్యలేదు. శబ్దం ఆగితే భయపడాలని గంటన్నరలో అంతమందికి నేర్పినావు. ఇది మామూలు విషయం కాదు. ఈ చదువు వాళ్ల దగ్గర ఇంకా భద్రంగా ఉంది. నీ రెండో భాగానికి పెట్టుబడి అదే.

వాడి చేతిలో చావకుండా బతికిన ఆ అమ్మాయి ఇప్పుడు ఎక్కడుంది? ఫ్యాక్టరీ ఊరు వదిలి కర్నూలు వచ్చేసిందనుకో. పాతబస్తీలో పిండిమిల్లు మీద అద్దె గది. పగలంతా మిల్లు తిరుగుతూనే ఉంటుంది, ఆ మోతలోనే ఆమెకు నిద్ర పడుతుంది. మిల్లతను జొన్నలు అయిపోయి మోటారు ఆపితే పైన ఆమె చేతిలో గిన్నె ఆగిపోతుంది. ఎందుకో కింద ఉన్నవాళ్లకు తెలియదు, హాలంతటికీ తెలుసు. అప్పుడు ఏమీ జరగనివ్వకు. ఇంకోసారి ఆగనీ, అప్పుడు కూడా ఏమీ కాకూడదు. ఆమె అప్పు చేసి జనరేటర్ కొనుక్కుంటుంది. అందరూ పిచ్చిదనుకుంటారు. ఇంకెప్పుడూ శబ్దం ఆగదులే అని హాలు కాస్త ఊపిరి పీల్చుకున్నాక, జనరేటర్ పక్కన డీజిల్ క్యాను ఖాళీగా పడి ఉండటం చూపించు. క్యాను దగ్గర వాడి నీడ కూడా అక్కర్లేదు. ఇది నాకు తోచిన దారి, నీకు ఇంతకంటే మంచిది దొరకొచ్చు. ఏది రాసినా పాత చట్టం మాత్రం చెడకూడదు. మిషన్ నడుస్తుండగా వాడు వచ్చాడో, అక్కడితో సినిమా పోయింది.

నిర్మాత ఫ్లాష్‌బ్యాక్ అడుగుతాడు, చూస్తూండు. వాడు ఎందుకు అట్లా అయ్యాడు, చిన్నప్పుడు ఎవరు కొట్టారు, ఎవరి మీద పగ అని. ఒప్పుకోవద్దు. జాన్ కార్పెంటర్ 1978లో హాలోవీన్ తీసినప్పుడు అందులో హంతకుడు మైఖేల్ మయర్స్ ముఖానికి పెట్టింది స్టార్ ట్రెక్ నటుడి పోలికతో అమ్మే మాస్కు, దానికి తెల్ల రంగు వేశారు. ఆ ముఖం వెనక ఏముందో ఎవరికీ తెలియదు, అదే భయం. 1981లో రెండో భాగాన్ని అదే రాత్రి నుంచి ఎత్తుకుని, కథను ఆసుపత్రిలో నడిపారు. రక్తం పెంచారు. వాడు వెంటాడే లోరీ వాడి సొంత చెల్లెలని చెప్పారు. దాంతో అది వాళ్ల ఇంటి గొడవ అయిపోయింది. మన సీమలో పుట్టినవాళ్లకు ఇది వేరే చెప్పాలా? పగ ఉందంటే దానికో లెక్క ఉంటుంది, లెక్కలో పేరు లేనివాడు నిశ్చింతగా పడుకుంటాడు. లెక్క లేకుండా వచ్చేవాడికే ఊరంతా తలుపులు వేసుకుంటుంది. 2018లో మళ్లీ హాలోవీన్ తీసినవాళ్లు మధ్యలో వచ్చిన సినిమాలన్నీ పక్కన పెట్టి, ఆ చెల్లెలి కథ ఉత్త పుకారని ఒక పాత్ర చేతనే అనిపించారు. జామీ లీ కర్టిస్ మళ్లీ లోరీగా వచ్చింది. నలభై ఏళ్లుగా ఇంటికి కంచె వేసుకుని, తుపాకీ పట్టుకుని వాడి కోసం ఎదురుచూస్తున్న ముసలమ్మ. కోటి డాలర్ల ఖర్చుతో తీస్తే ప్రపంచం మొత్తం మీద 25 కోట్ల డాలర్లు దాటింది. జనం వచ్చింది హత్యలు లెక్కపెట్టడానికి అని నేను అనుకోను. ఆ ఒక్క రాత్రి ఒక మనిషిని జీవితాంతం ఏం చేసిందో చూడటానికి వచ్చారు.

అందుకే నీ అమ్మాయిని మొదటి రీల్లోనే చంపొద్దు. 1981లో ఫ్రైడే ది థర్టీన్త్ రెండో భాగం ఆ పని చేసింది, మొదటి సినిమాలో పోరాడి బతికిన ఆలిస్‌ను మొదట్లోనే చంపేసింది. ఆ దెబ్బకు జనం అదిరిపడ్డ మాట నిజమే. కానీ నీ సినిమాకు జనం వచ్చేది ఆమెకోసం.

హంతకుడి ఆయుధం విషయం కూడా. ఎవరో వేటకొడవలి పెట్టమన్నారని మీ అమ్మ అన్నది. సీడెడ్ బయ్యర్‌కు, అంటే రాయలసీమ హక్కులు కొనేవాడికి, అది నచ్చుతుంది, నాకు తెలుసు. కానీ మన హాళ్లలో కొడవలి లేచిందంటే ఈలలు పడతాయి. ఎన్ని ఫ్యాక్షన్ సినిమాలు చూపించారు మనకు! ఇక్కడ కొడవలి హీరో చేతి వస్తువు అయిపోయింది, దాన్ని చూసి ఎవరికీ ఒళ్లు జలదరించదు. రక్తమూ అంతే, బకెట్లకొద్దీ చూసినవాళ్లం. నీ వాడి చేతిలో ఉన్న ఉలి చాలు. మిషన్ ఆగిన నిశ్శబ్దంలో అది బండ మీద గీసుకుంటూ వచ్చే శబ్దానికే నాకు పళ్లు జివ్వుమన్నాయి.

చావులు పెంచాలన్న ఆత్రం కూడా పెట్టుకోకు. రెండో భాగంలో శవాలు ఎక్కువ ఉండాలి, చంపే తీరు ఘనంగా ఉండాలి అని 1997లో వచ్చిన స్క్రీమ్ రెండో భాగంలో ర్యాండీ అనే కుర్రాడే చెప్తాడు. అదే ర్యాండీని పట్టపగలు, చుట్టూ మనుషులు తిరుగుతున్న కాలేజీలో, ఒక వ్యాన్‌లోకి లాగి చంపేస్తారు. సినిమాలన్నీ చూసి నియమాలన్నీ తెలిసినవాడు, అంటే హాల్లో కూర్చున్నవాడి మనిషి. వాడు పోయాక ఇంకెవరు మిగులుతారని అందరికీ టెన్షన్ పట్టుకుంది. పదిమంది ముక్కూమొహం తెలియని కుర్రాళ్లను చంపినా ఆ ఫలితం రాదు. నీ కథలో మిల్లతను అట్లాంటి మనిషి కావచ్చు. ఆమె మాట నమ్మి జనరేటర్‌కు డీజిల్ తెచ్చిపెట్టే ఒకే ఒక్కడు. అతని మీద కాస్త ప్రేమ పుట్టించు, తర్వాత నీ ఇష్టం.

అసలు హంతకుడే లేకుండా తీద్దామనే ఆలోచన ఎవరికైనా వస్తే, 1982లో మైఖేల్ మయర్స్ లేని మూడో హాలోవీన్ సంగతి చెప్పు. కథ కొత్తదే అయినా జనం ఒప్పుకోలేదు, 1988లో వాడిని వెనక్కి తెచ్చుకోవాల్సి వచ్చింది.

ఇంక సెన్సార్. పెద్దలకు మాత్రమే అనే ‘ఏ’ (A) సర్టిఫికెట్ వచ్చిందంటే పద్దెనిమిది నిండనివాళ్లను గేటు దగ్గరే ఆపాలి, ఆ సినిమాను అట్లాగే టీవీలో వెయ్యడానికి వీల్లేదు. 2023 చట్ట సవరణతో, పెద్దవాళ్ల మార్గదర్శకత్వంతో పిల్లలు చూడదగ్గ ‘యూఏ’లో 7, 13, 16 ఏళ్ల మెట్లు వచ్చాయి. కత్తి దిగడం చూపించకుండా శబ్దంతో భయపెట్టగలవు కాబట్టి 16 ఏళ్ల యూఏ కోసం ప్రయత్నించు. ఇంటర్ చదివే పిల్లలే నీ మొదటి వారం జనం. అయితే యూఏ కోసం సీను నీరుగారిపోతుందంటే ‘ఏ’ సర్టిఫికెట్ తీసుకోవడానికి వెనకాడకు. నిర్మాతతో ఈ మాట ముందే మాట్లాడుకో, రిలీజ్ వారంలో గొడవ పడొద్దు.

మొదటి భాగం చూడనివాళ్లకోసం పది నిమిషాలు పాత కథ చెప్పొద్దు. మిషన్ ఆగగానే ఆ అమ్మాయి ముఖం చూపిస్తే వాళ్లకూ అర్థమవుతుంది.

స్క్రిప్టు అయ్యాక నాకు ఇంటర్వెల్ దాకా మాత్రమే పంపు. మా హాల్లో టికెట్లు చింపిన పాత మనుషులు ఇద్దరు ముగ్గురు సాయంత్రం పూట ఇక్కడికే వస్తారు, వాళ్లకు చదివి వినిపిస్తాను. తర్వాత ఎవరు చస్తారో, ఎప్పుడు చస్తారో వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసి పంపిస్తా. నీ రెండో సగంతో ఎక్కడెక్కడ సరిపోయిందో చూసుకుని, ఆ సీన్లు తిరగరాయి.

ఇట్లు,
మీ మామ