బీఎఫ్ఏలో చేరాలంటే ఫోటో చూసి వేసిన బొమ్మలు సరిపోతాయా?

చెల్లీ, పాలకొల్లు నుంచి నువ్వు అడిగింది ఇదీ: ఇంటర్ ఎంపీసీ అయింది, ఫోటో చూసి అచ్చుగుద్దినట్టు పెన్సిల్ బొమ్మలు వేస్తావు, బీఎఫ్ఏకి (బ్యాచిలర్ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్, అంటే బొమ్మలూ శిల్పాలూ నేర్పే డిగ్రీకి) అవి చాలా, నాలుగేళ్లు అక్కడ ఏం నేర్పుతారు అని. నాది అంబాజీపేట. నేనూ అచ్చం నీలాగే బీఎఫ్ఏకి వెళ్లాను.

మొదటి వారంలో నా బొమ్మల ఫైలు కాలేజీలో సార్ ముందు పెట్టాను. అన్నీ సినిమా హీరోల బొమ్మలే. ఆయన ఓపిగ్గా అన్నీ చూసి, "చెయ్యి బాగుంది. మీ ఊళ్లో ఏముంటాయమ్మా?" అన్నారు. కొబ్బరికాయలండీ అన్నాను. "అయితే ఒక కాయ వెయ్యి, ఫోటో లేకుండా" అన్నారు. పుట్టినప్పట్నుంచీ కాయల రాశుల మధ్య తిరిగినదాన్ని, గుండ్రంగా ఒక గీత గీసి ఆగిపోయాను. ఆ రాత్రి హాస్టల్లో బాగా ఏడ్చాను.

దసరా సెలవులకి ఇంటికొచ్చి, కాయలు వలిచేచోట రోజూ కూర్చున్నాను. గునపానికి గుచ్చి మెలి తిప్పగానే డొక్క విడిపోతుంది కదా, ఆ చీలికలో పీచంతా ఒకే వైపు దువ్వినట్టుంటుంది. ముచ్చిక దగ్గర బిగుసుకుని, కిందికొచ్చేసరికి వదులవుతుంది. అసలు కాయ గుండ్రమే కాదు, మూడు పలకలుగా ఉంటుంది! అది నాకు అప్పుడు తెలిసింది. నలభై స్కెచ్‌లు వేస్తే మూడు నిలిచాయి. ఆ మూడూ నా పాత ఫైలు మొత్తం కంటే నాకు ఎక్కువ.

ఫోటోలో లోతుని, వెలుగునీడల్ని కెమెరాయే ముందుగా చదును చేసి ఇచ్చేస్తుంది. ఏది ఉంచాలి, ఏది వదలాలి అన్నది మనం తేల్చుకోవడమే అక్కడ నేర్పేది. మొదటి ఏడాది స్టిల్ లైఫ్ (ఎదురుగా పెట్టిన వస్తువుల్ని చూసి వేయడం), మట్టిపని, డిజైన్, రంగులు, అక్షరాలు అన్నీ తలా కొంచెం ఉంటాయి. తర్వాత పెయింటింగ్, శిల్పం, అప్లైడ్ ఆర్ట్ (పోస్టర్లు, ప్రకటనల్లాంటి వాటికి చేసే డిజైన్) లాంటివాటిలో ఒకదాని మీదే చదువు సాగుతుంది. నేను అప్లైడ్ ఆర్ట్ తీసుకున్నాను. ఇంగ్లీషు పోస్టర్ కొలతలతో తెలుగు పేర్చితే పై వరసలోని ఒత్తులు కింది వరసలోని గుడులకి తగులుతాయి. వరసల మధ్య ఎడం పెంచాలి, దాంతో పోస్టరంతా మారిపోతుంది. ఇలాంటి వాటితో నెలలు గడిచిపోయేవి, ఎంత ఇష్టంగానో!

ఉద్యోగం సంగతి ఇంట్లో టెన్షన్ పెడుతుంది, నిజమే. అప్లైడ్ ఆర్ట్ వాళ్లకి ప్రకటనలు, ప్యాకేజింగ్, యాప్‌ల డిజైన్‌లో పని దొరుకుతుంది. పెయింటింగ్ అయితే మొదట్లో కష్టం, నాన్నగారికి అది దాచకు.

విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ, హైదరాబాద్‌లో జేఎన్ఏఎఫ్ఏయూ (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ) రెండూ చూడు. ప్రవేశ పరీక్షకి చూడకుండా, గుర్తుంచుకుని వేయడం బాగా సాధన చెయ్యి: సంత, బస్టాండు, రేవు.

అన్నిటికంటే ముందు రాజమండ్రిలో దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీకి వెళ్లు. 1897లో పుట్టి, మన గోదావరి ఒడ్డు నుంచి బొంబాయి జేజే ఆర్ట్ స్కూలుకి వెళ్లి చదువుకున్న చిత్రకారుడాయన. 1925లోనే పోయారు. పెద్ద పెయింటింగ్‌ల దగ్గరే ఆగిపోకు, స్కెచ్‌లు చూడు. పెన్సిలూ పుస్తకమూ పట్టుకెళ్లు.