వర్గమూలం గ్రాఫులు గీసే చిన్నికి

చిన్నీ,

వర్గమూలం గ్రాఫులంటే టెన్షన్‌గా ఉందని రాశావు. ప్రతి లెక్కకీ కొత్తగా పట్టిక వేయడం, సగం విలువల దగ్గర రుణ సంఖ్యకి వర్గమూలం కావాల్సి వచ్చి ఆగిపోవడం. విసుగు రాక ఏమవుతుంది! నువ్వు నిజంగా నేర్చుకోవాల్సిన గ్రాఫు ఒక్కటే: వై = √ఎక్స్. మిగతావన్నీ దాన్ని జరిపినవో, సాగదీసినవో, తిప్పినవో.

ముందు ఆ మాతృ ప్రమేయం బాగా చేతికి రావాలి. (0, 0), (1, 1), (4, 2), (9, 3) చాలు. చాలామంది మొదటి రెండు బిందువులనూ స్కేలుతో కలిపేస్తారు. నువ్వు మధ్యలో (0.25, 0.5) కూడా పెట్టి చూడు. సున్న దగ్గర గీత దాదాపు నిటారుగా లేచి, పోనుపోను వాలుతుంది, కానీ పెరగడం మాత్రం ఎక్కడా ఆగదు. మొదట్లో నిండు చుక్క, కుడి కొసన బాణం. పక్కకు పడుకున్న పరావలయంలో ఇది పై సగమే, కింది సగం గీయకు. √ గుర్తు రుణ విలువ ఇవ్వదు.

ఇక జరపడం. √ బయట 4 కలిపితే గ్రాఫు 4 పైకి వెళ్తుంది, అందులో తికమక లేదు. లోపలిదే అందరినీ ఇబ్బంది పెడుతుంది. √(ఎక్స్ − 3) కుడికి జరుగుతుంది, √(ఎక్స్ + 3) ఎడమకి. "లోపలిది తలకిందులు" అని బట్టీ పట్టకు, పరీక్షలో అదే తారుమారవుతుంది. లోపలున్నది ఎప్పుడు సున్న అవుతుందో అడుగు. ఎక్స్ − 3 సున్న అయ్యేది 3 దగ్గర, కాబట్టి గ్రాఫు అక్కడే మొదలవుతుంది. తర్వాత లోపల 1, 4, 9 ఎప్పుడు వస్తాయో చూడు. మిగతా బిందువులు వాటంతటవే దొరుకుతాయి.

వై = −2√(ఎక్స్ + 3) + 4 తీసుకుందాం. లోపల సున్న −3 దగ్గర, అప్పుడు వై 4. అంటే మొదలు (−3, 4). ముందున్న 2 నిలువుగా రెట్టింపు సాగదీస్తుంది, రుణ గుర్తు కిందికి తిప్పుతుంది. లోపల 1, 4, 9 అయ్యే చోట్ల (−2, 2), (1, 0), (6, −2) వస్తాయి. ప్రదేశం (ఎక్స్ తీసుకోగల విలువలు) ఎక్స్ ≥ −3, వ్యాప్తి (వైకి వచ్చే విలువలు) వై ≤ 4. సాగదీయడం, తిప్పడం ముందు, పైకి జరపడం ఆ తర్వాత. ముందే 4 కలిపి తర్వాత −2తో గుణిస్తే ఆ 4 కాస్తా −8 అయిపోతుంది!

√(6 − 2ఎక్స్) లాంటివి వస్తే తొందరపడకు. 6 కనిపించగానే ఆరు గళ్లు జరిపేవాళ్లే ఎక్కువ. −2ని ఉమ్మడిగా తీసి √(−2(ఎక్స్ − 3)) అని రాసుకో. మొదలు (3, 0), లోపలి రుణ గుర్తు వల్ల గీత ఎడమకి నడుస్తుంది. ఎక్స్ = 1 దగ్గర వై = 2 వచ్చిందంటే దారిలో ఉన్నట్టే.

నాకు బాగా నచ్చే సంగతి ఒకటుంది. √(4ఎక్స్), 2√ఎక్స్ రెండూ ఒకటే. అడ్డంగా నాలుగో వంతుకి నొక్కినా, నిలువుగా రెట్టింపు సాగదీసినా ఈ గ్రాఫు ఒకేలా తేలుతుంది. రెండూ గీసి నువ్వే చూసుకో.

ట్రేసింగ్ కాగితం మీద మాతృ గ్రాఫు దించుకుని, గళ్ల కాగితం మీద జరుపుతూ కొన్నాళ్లు సాధన చెయ్యి. సాగదీయడానికి అది పనికిరాదు గానీ జరపడానికి, తిప్పడానికి దాన్ని మించింది లేదు.

ఈ వారం వై = 3 − √(2ఎక్స్ + 8) గీసి పంపు. మొదలు (−4, 3) కాకుండా (−8, 3) వచ్చిందంటే లోపలి 2ని ఉమ్మడిగా తీయలేదన్నమాట.

ఆశీస్సులతో,
బాబాయ్