ఊళ్లో లేని గొంతుకు ఊరి యాస

ప్రశ్న: నేను బుచ్చిరెడ్డిపాలెం దగ్గర ఒక పల్లెలో వ్యవసాయం చేస్తున్నాను. తెల్లవారి కయ్యలకు వెళ్లేటప్పుడు సెల్‌ఫోనులో ఎఫ్.ఎం. పెట్టుకోవడం నాకు అలవాటు. పొద్దుటి కార్యక్రమం నడిపే ఆర్జే ఒకాయన "మన పెన్న, మన రొట్టెల పండుగ, మన చేపల పులుసు" అంటూ, మాటకు ముందొక "ఏంది సామీ" చేర్చి మాట్లాడుతుంటే మా జిల్లా మనిషే అనుకుని సంతోషించాను. ఈ మధ్య ఆయన కోవూరును కొవ్వూరు అన్నాడు. మేము ఎడగారు నాట్లు వేస్తున్న రోజుల్లో "దాళ్వా రైతులందరికీ శుభాకాంక్షలు" అన్నాడు. ఆయన హైదరాబాదులో కూర్చుని ముందురోజే రికార్డు చేసి పంపుతాడని మా అబ్బాయి అంటున్నాడు. అలా చేయడం కుదురుతుందా? కుదిరితే అది శ్రోతలను మోసగించడం కాదా?

సమాధానం: మీ అబ్బాయి చెప్పిన పద్ధతి రేడియోలో చాలాకాలంగా ఉన్నదే. దానిని వాయిస్ ట్రాకింగ్ అంటారు. ఒక గంట కార్యక్రమంలో పాటలూ ప్రకటనలూ తీసేస్తే ఆర్జే మాట్లాడేది కొద్ది నిమిషాలే కాబట్టి, ఆ మాటలను మాత్రం ఒకే విడతలో ముక్కలుగా రికార్డు చేసి పంపితే, ఏ పాట తరువాత ఏ ముక్క రావాలో స్టేషనులోని కంప్యూటరు చూసుకుంటుంది. అయిపోతున్న పాట కొసనూ, రాబోయే పాట మొదటి వాయిద్యాన్నీ చెవులకు తగిలించుకుని వింటూ మాట్లాడతారు గనుక అతుకు ఎక్కడ పడిందో మనకు తెలియదు. మూడు నాలుగు గంటల కార్యక్రమానికి కావలసిన మాటలు గంటలోపే తయారవుతాయి. మిగిలిన పూటలో అదే మనిషి మరో రెండు ఊళ్లకు మరో రెండు రకాల "మన" చెప్పి పంపవచ్చు.

దూరం నుంచి మాట్లాడటం చట్టవిరుద్ధం కాదు. 2011లో కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన ఎఫ్.ఎం. మూడో దశ విధానం ప్రకారం ఒక ప్రైవేటు సంస్థ దేశమంతటా ఉన్న తన స్టేషన్లను గొలుసుగా కలిపి ఒకే కార్యక్రమాన్ని వినిపించవచ్చు. అంతకుముందు ఈ వెసులుబాటు ఒక ప్రాంతంలోని చిన్న ఊళ్ల స్టేషన్లకే ఉండేది. చిన్న ఊరిలో ప్రకటనల రాబడి తక్కువ కాబట్టి, అక్కడ రోజంతా మనుషులను కూర్చోబెట్టడం కన్నా పెద్ద ఊరి గొంతును తెప్పించుకోవడం సంస్థకు చవక.

ఇక ఆ గొంతుకు ఊరి వాసన ఎలా పట్టిస్తారన్నది అసలు విషయం. ఆర్జే ముందు ఒక కాగితం ఉంటుంది. అందులో ఊరి కూడళ్లు, గుళ్లు, తిండి, పండుగలు, ఆ వారం జరిగే సభలూ తిరునాళ్లూ రాసి ఉంటాయి. గాంధీ బొమ్మ సెంటరు, వి.ఆర్.సి. సెంటరు, ట్రంకు రోడ్డు, స్వర్ణాల చెరువు అని నాలుగు పేర్లు సందర్భం చూసి దొర్లిస్తే సగం పని అయిపోయినట్లే. యాస కూడా అంతే; ఒక "ఏంది", ఒక "ఎట్టా", ఒక "సామీ" తగిలిస్తే తక్కిన వాక్యం ఏ మాండలికంలో ఉన్నా చెవి క్షమిస్తుంది.

అయితే కాగితం మీద రానివి కొన్ని ఉంటాయి. మీరు పట్టుకున్న రెండు తప్పులూ ఆ కోవలోవే కాబట్టి వాటి దగ్గర కాస్త ఆగుదాం. కోవూరు, కొవ్వూరు అన్న రెండు పేర్లలో మొదటిది పెన్నకు ఉత్తరపు ఒడ్డున, నెల్లూరు పక్కనే ఉంది. రెండోది గోదావరి గట్టున, రాజమహేంద్రవరానికి ఎదురుగా ఉంది. తెలుగులో రాస్తే దీర్ఘమూ ఒత్తూ రెంటినీ వేరుచేస్తాయి. ఇంగ్లీషు అక్షరాలలో రాసిచ్చిన కాగితం చూసి చదివేవారికి ఆ తేడా అందదు. నేను కూడా పూర్వం కొంతకాలం ఉత్తర కోస్తాలో రేడియోలో ప్రకటనలు చదివాను. రాజాంను ఇంగ్లీషు కాగితంలో చూసి "రాజం" అని చదివితే, వారం తిరక్కుండానే "అయ్యా, మా ఊరికి దీర్ఘం ఉంది, దయచేసి తీసివేయవద్దు" అని ఒక కార్డు వచ్చింది. ఆ కార్డు రాసిన ఆయన కోపగించుకోలేదు. కోపగించుకున్నా నాకు అంత గుర్తుండేది కాదేమో.

దాళ్వా అనడం అంతకన్నా పెద్ద తప్పు, ఎందుకంటే అక్కడ తప్పింది మాట ఒక్కటే కాదు, రుతువు. కృష్ణా, గోదావరి డెల్టాలలో సార్వా (వానాకాలపు వరి) తరువాత చలికాలంలో వేసి వేసవిలో కోసే వరిని దాళ్వా అంటారు. నెల్లూరు జిల్లాకు వానలిచ్చేది ఈశాన్య రుతుపవనం. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు కురిసే ఆ వానల మీద, సోమశిల జలాశయం నీటి మీద సాగేదే ఇక్కడ పెద్ద పంట. దాని కోతలు అయ్యాక, జలాశయంలో నీళ్లు మిగిలితే ఎండాకాలంలో మొదలుపెట్టి సెప్టెంబరు ప్రాంతానికి తీసేది ఎడగారు. కాబట్టి ఎడగారు రైతును దాళ్వా రైతు అని పిలిచిన మనిషికి ఈ నేల మీద వాన ఎప్పుడు పడుతుందో తెలియదన్నమాట. ఇలాంటి గొంతులు జూన్ నెలలో "తొలకరి జల్లుల్లో తడిసిన నెల్లూరు" అని కూడా అంటాయి. అప్పుడు మనం వడగాలికి తలుపులు వేసుకుని ఉంటాం. ధాన్యం ధర చెప్పేటప్పుడు కూడా ఇదే తంటా. ఇక్కడ బేరమంతా పుట్టి లెక్కన, అంటే 850 కిలోల లెక్కన సాగుతుంది. అవతలి జిల్లాలకు అలవాటైన 75 కిలోల బస్తా లెక్కలో ధర చెప్తే మన రైతు మనసులో హెచ్చవేసుకునేసరికి తరువాతి పాట వచ్చేస్తుంది.

మోసమా అన్న మీ ప్రశ్నకు జవాబు చెప్పే ముందు ఒక పాత సంగతి గుర్తుచేసుకోవాలి. నెల్లూరు, ప్రకాశం జిల్లాలకు రేడియో మొదటినుంచీ దూరపు గొంతే. 1938 జూన్ 16న మద్రాసు కేంద్రం మొదలైనప్పుడు మనవారు విన్నది అక్కడి తెలుగు కార్యక్రమాలనే. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న వచ్చింది. జాతీయ వార్తలు ఢిల్లీ నుంచి వచ్చేవి. ఆకాశవాణి తొలి తెలుగు మహిళా న్యూస్‌రీడరుగా పేరుపొందిన జోలెపాళెం మంగమ్మ చదివింది అక్కడినుంచే. రేడియో సిలోన్ కొలంబో నుంచి తెలుగు పాటలు వేసేది. వారిలో ఎవరూ కావలిలోనో కందుకూరులోనో కూర్చున్నట్లు నటించలేదు. "ఆకాశవాణి, విజయవాడ కేంద్రం" అని ముందుగా తమ ఊరు చెప్పుకుని ఆ తరువాతే మాట మొదలుపెట్టేవారు. వారి తెలుగు మన యాసలో లేదు, అయినా ఇంట్లో మనిషి గొంతులాగే విన్నాం. కనుక నా అభిప్రాయంలో దూరం తప్పు కాదు, అరువు యాస కూడా పెద్ద తప్పు కాదు. "ఇప్పుడే ట్రంకు రోడ్డు మీదుగా వస్తుంటే చినుకులు పడుతున్నాయి" అని నిన్న రికార్డు చేసిన గొంతు చెప్పిందంటే మాత్రం దానికి అబద్ధమన్న పేరు తప్ప మరొకటి లేదు.

ఆ అబద్ధానికి ఒక్కోసారి మూల్యం ఎంతుంటుందో అమెరికాలో తేలింది. దేశం మొత్తం మీద ఒక సంస్థకు ఇన్ని స్టేషన్లే ఉండాలన్న పరిమితిని అక్కడ 1996లో ఎత్తివేశారు. ఆ తరువాత కొద్ది సంస్థలు వందల స్టేషన్లను కొనేసి, ఒకే ఆర్జే గొంతును పలు ఊళ్లకు పంచాయి. 2002 జనవరి 18న, ఉత్తర డకోటా రాష్ట్రంలోని మైనాట్ అనే ఊరి శివార్లలో అర్ధరాత్రి దాటాక రైలు పట్టాలు తప్పి, ట్యాంకర్లలోని అమ్మోనియా వాయువు ఊరి మీద కమ్ముకుంది. ఒకరు చనిపోయారు, వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. ఊరిలోని ఆరు వాణిజ్య రేడియో స్టేషన్లూ ఒకే సంస్థవి. హెచ్చరిక ప్రసారం చేయించాలని పోలీసులు ఫోన్ చేస్తే ఎత్తినవారు లేరని విమర్శలు వచ్చాయి. పోలీసులే అత్యవసర హెచ్చరిక యంత్రాన్ని సరిగా వాడలేదని సంస్థ వాదించింది. తప్పు ఎవరిదన్న తగవు ఎటు తేలినా, తలుపులు మూసుకుని రేడియో పెట్టుకున్న ఊరికి ఆ రాత్రి కావలసిన మాట సమయానికి అందలేదన్నది మాత్రం నిజం. ఇంత జరిగాక కూడా, స్టేషను ఏ ఊరికి సేవ చేస్తుందో ఆ ప్రాంతంలోనే ప్రధాన స్టూడియో ఉండాలన్న దశాబ్దాల నాటి నిబంధనను 2017లో అక్కడ రద్దు చేశారు.

మనకు ఇది పరాయి దేశపు కథ కాదు. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుపాను పెద్దవారికి ఇంకా గుర్తుంది. 2021 నవంబరులో పెన్న పొంగి, పడుగుపాడు దగ్గర రైలు కట్టనూ జాతీయ రహదారినీ దెబ్బతీస్తే రాకపోకలు ఆగిపోయాయి. అలాంటి పొద్దున రికార్డు చేసిన గొంతు "చక్కని ఉదయం, కిటికీ తెరిచి చూడండి" అంటే వినేవారికి ఎలా ఉంటుంది? ప్రైవేటు ఎఫ్.ఎం.లకు సొంత వార్తలు చెప్పే అనుమతి లేదన్నది నిజమే కానీ, వాతావరణం, రహదారుల రాకపోకలు, కరెంటు, నీటి సరఫరా, ప్రకృతి వైపరీత్యాల గురించి స్థానిక యంత్రాంగం ఇచ్చే ప్రకటనలు వార్తల కిందికి రావని 2011 విధానమే చెప్పింది. అంటే అనుమతి ఉంది. ఆ కాగితం అందుకుని మైకు ముందుకు వెళ్లే మనిషి ఆ పూట ఊళ్లో ఉండాలి. మీరు ఆ స్టేషనుకు ఉత్తరం రాయదలిస్తే కొవ్వూరు సంగతి పక్కనపెట్టి, తుపాను రాత్రి మీ స్టూడియోలో ఎవరుంటారని అడగండి.

ప్రశ్న: ఒక కార్యక్రమం ప్రత్యక్షంగా వస్తున్నదో, రికార్డు చేసినదో వినేవారు తెలుసుకోవడం ఎలా? (ఒంగోలు నుంచి ఒక పాఠకురాలు)

సమాధానం: గడియారం వినండి. ప్రత్యక్షంగా మాట్లాడేవారు "ఏడూ ఇరవై మూడు" అంటారు. రికార్డు చేసినవారు "ఏడు దాటింది కదూ" అని తప్పించుకుంటారు. శ్రోతల ఫోన్లు వినిపించినంత మాత్రాన ప్రత్యక్షమని నమ్మకండి, వాటిని కూడా ముందే రికార్డు చేసి కత్తిరించి పెట్టుకోవచ్చు. క్రికెట్ మ్యాచి ఫలితం వచ్చిన ఐదు నిమిషాలకు ఆర్జే ఏమన్నారో విన్నా తెలిసిపోతుంది. నోరు తడబడటం, దగ్గు, పేరు తప్పు చెప్పి వెంటనే దిద్దుకోవడం మనిషి అక్కడ ఉన్నందుకు మంచి గుర్తులు.

ప్రశ్న: మాది కనిగిరి. డిగ్రీ చదువుతున్నాను. ఒక రేడియో స్టేషను ఎంపిక పరీక్షకు వెళ్తే, నా మాటలో యాస ఉందని, దానిని వదిలించుకుని రమ్మన్నారు. అదే స్టేషనులో హాస్యపు ముక్కల కోసం మా యాసను అనుకరించే కుర్రవాడు ఉన్నాడు. నేను ఏం చేయాలి?

సమాధానం: అమ్మా, మీరు చూసిన వైరుధ్యం చాలా పాతది. యాస నవ్వించడానికి పనికివస్తుంది, సమాచారం చెప్పడానికి పనికిరాదు అన్న అపోహ సినిమాలలోనూ రేడియోలోనూ పాతుకుపోయి ఉంది. దానికి లొంగి యాసను పూర్తిగా తుడిచేసుకుంటే మీ గొంతుకూ హైదరాబాదు నుంచి తెప్పించుకునే గొంతుకూ తేడా ఏముంటుంది? ఆ పోటీలో వారిదే చవక. దానికన్నా చవకైనది కూడా వచ్చింది. 2023లో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో ఒక స్టేషను, తన యాంకరు గొంతును కృత్రిమ మేధతో అచ్చుదింపి కొంతసేపు దానితోనే కార్యక్రమం నడిపించింది. 2024లో పోలండ్‌లోని క్రాకోవ్‌లో ఒక రేడియో యంత్రపు యాంకర్లను దింపి, నిరసనలు రాగా వారం రోజులకే విరమించుకుంది. యంత్రానికి యాస నేర్పడం రేపోమాపో జరగవచ్చు. కనిగిరిలో ఈ వేసవి ఏ వీధికి ట్యాంకరు రాలేదో మాత్రం ఎవరో ఒకరు వెళ్లి చూసి చెప్పవలసిందే.

అందుకని రెండు రకాల మాటనూ సాధన చేయండి. ప్రకటన చదివేటప్పుడు ఒత్తులూ దీర్ఘాలూ, శ-ష-స తేడాలూ చెదరకుండా చదవండి. రైతుతోనో అవ్వతోనో మాట్లాడేటప్పుడు ఇంట్లో మాట్లాడినట్లే మాట్లాడండి. ప్రకాశం, నెల్లూరు జిల్లాల మండలాల పేర్లన్నీ తెలుగులో రాసుకుని రోజూ ఒకసారి బిగ్గరగా చదవడం మంచి అభ్యాసం. మార్కాపురంలో ఆకాశవాణికి స్థానిక కేంద్రం ఉంది. ఆకాశవాణి కేంద్రాలు తాత్కాలిక అనౌన్సర్లను ఎంచుకునేటప్పుడు రాతపరీక్షతో పాటు గొంతు పరీక్ష కూడా పెడతాయి కనుక, ప్రకటన ఎప్పుడు వస్తుందో అక్కడ అడిగి తెలుసుకోండి. కమ్యూనిటీ రేడియో మరో దారి. 2006 నుంచి స్వచ్ఛంద సంస్థలు కూడా వాటిని పెట్టుకోవచ్చు. కార్యక్రమాలలో కనీసం సగం స్థానికుల భాగస్వామ్యంతో తయారు కావాలని, వీలైనంతవరకు వారి భాషలో, వారి మాండలికంలో ఉండాలని నిబంధన ఉంది. జహీరాబాదు దగ్గర మాచ్నూర్‌లో దళిత మహిళలు 2008 నుంచి నడుపుతున్న సంగం రేడియోలో వారి ఊరి మాటే ప్రసార భాష. వీలు చూసుకుని ఒకసారి అక్కడికి వెళ్లి, వారు మైకు ముందు ఎలా కూర్చుంటారో చూసి రండి.